పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్: ఇన్‌స్టాల్ చేసేముందు పెన్‌డ్రైవ్ మీద మీ పని చేసి చూడండి

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. 2015, 2016 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్ ఎంత బాగా నడుస్తున్నా ఆ లెక్కలోకి రాదు. మాది తణుకులో డీటీపీ, జెరాక్స్ షాపు. పెళ్లికార్డులు, అప్లికేషన్లు, బయోడేటాలు, ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు మా పని. ఇప్పుడు వాటితోపాటు ఎవరో ఒకరు బ్యాగులోంచి పాత ల్యాప్‌టాప్ తీసి, "అక్కా, దీన్ని ఇంక పాత సామాన్లకి వేసేయడమేనా?" అని అడుగుతున్నారు.

వేసేయక్కర్లేదు. కీబోర్డు, స్క్రీన్ బాగుంటే ఆ ల్యాప్‌టాప్‌కి ఇంకా కొన్నేళ్ల ఆయుష్షు ఉంది. లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అక్కడి నుంచే నడిపి చూడొచ్చు. హార్డ్‌డిస్క్‌లో ఉన్న విండోస్‌ని గాని, ఫొటోల్ని గాని అది ముట్టుకోదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేస్తే మీ విండోస్ మీకు వస్తుంది. నేను అందరికీ గట్టిగా చెప్పేది ఒక్కటే: లైనక్స్ మంచిదా కాదా అని ఎవర్నీ అడగొద్దు. మీరు రోజూ కంప్యూటర్ మీద చేసే పనులు కాగితం మీద రాసుకుని, వాటిని పెన్‌డ్రైవ్ మీంచే చేసి చూడండి. అన్నీ అయితే వేసుకోండి. అందులో బతుకుతెరువు పని ఒక్కటి ఆగినా ఆగండి.

లైనక్స్‌ని 1991లో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. అంతకుముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అందరూ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఈ రెండూ కలిసి నడిచే వ్యవస్థని ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పక్కవాళ్లకి కాపీ ఇవ్వొచ్చు. అందుకే దాని మీద కట్టిన రకాలు వందల్లో ఉన్నాయి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మన సీడ్యాక్ వాళ్ల బాస్, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వాళ్లు తెలుగు మెనూలతో తయారుచేసింది, ఇలా. కొత్తవాళ్లు ఈ పేర్ల దగ్గరే వారం రోజులు గడిపేసి విసుగొచ్చి వదిలేస్తారు. మీరు ఆ చర్చలోకి వెళ్లొద్దు. మొదటిసారికి మింట్ చాలు. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, మధ్యలో తెరిచిన కిటికీల వరస ఉంటాయి. విండోస్ వాడిన చేతికి కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. ఇప్పుడు నడుస్తున్న 22 వరస ఉబుంటు 24.04 మీద కట్టింది, దీనికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

మా షాపులో దీన్ని పెట్టుకోవడానికి నా కారణం వేరే ఉంది. జెరాక్స్ షాపుకి రోజుకి ఎంతమంది వస్తారో అన్ని పెన్‌డ్రైవ్‌లు వస్తాయి. వాటిలో చాలావాటికి షార్ట్‌కట్ వైరస్ ఉంటుంది. ఫోల్డర్లన్నీ మాయమై, వాటి పేరుతో షార్ట్‌కట్లు మాత్రం కనిపిస్తాయి. పరీక్ష ఫీజుకి రేపే ఆఖరి తేదీ అని వచ్చిన పిల్లకి సర్టిఫికెట్ల స్కాన్‌లు కనిపించకపోతే ఎంత టెన్షన్ పడుతుందో చూడాలి. ఆ పెన్‌డ్రైవ్‌ని మింట్ ఉన్న సిస్టమ్‌కి పెడితే ఆ వైరస్ నడవదు, ఎందుకంటే అది విండోస్ కోసం రాసిన ప్రోగ్రాము. పైగా విండోస్‌లో దాచిపెట్టిన ఫోల్డర్లు ఇక్కడ మామూలుగానే కనిపిస్తాయి. పేరు లేని ఫోల్డర్ ఒకటి కనిపిస్తే సాధారణంగా ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి. బయటి నుంచి వచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌నీ మేం ముందు మింట్‌లోనే తెరుస్తాం.

ముందే ఎవరు ఆగాలి

ఇది చెప్పకుండా ముందుకి వెళ్తే మీకు అన్యాయం చేసినట్టే. అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ ఆపరేటర్లు ఆ మెషిన్‌ని కదపొద్దు. అవి విండోస్ ప్రోగ్రాములు. అనులో కొట్టిన మేటర్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు కాబట్టి, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. పాత కార్డుల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి మా షాపులో కూడా ఒక సిస్టమ్ విండోస్‌తోనే ఉంది, ఉంటుంది. ట్యాలీ, ఫొటోషాప్ వాడేవాళ్లకీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి సంతకాలు చేసేవాళ్లకీ ఇదే మాట. వైన్ అనే దాంతో కొన్ని విండోస్ ప్రోగ్రాములు లైనక్స్‌లో నడుస్తాయి గాని, నెలాఖరు లెక్కలు దాని మీద పెట్టుకోవద్దు. ఇంట్లోంచి ఆన్‌లైన్ పరీక్ష రాసే పిల్లలు, ఆ పరీక్ష వాళ్ల ప్రత్యేక బ్రౌజర్ విండోస్‌కి మాత్రమే ఉందేమో ముందే కనుక్కోండి.

బ్రౌజర్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, జూమ్, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, ఈపేపర్ చదవడం: మీ కాగితం మీద ఇవే ఉంటే ధైర్యంగా మొదలుపెట్టండి.

పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, 16 ఉంటే ఇంకా నిశ్చింత. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందే ఖాళీ చేసుకోండి. యూఎస్‌బీ 3 రకం అయితే మేలు. ల్యాప్‌టాప్‌లో లోపల నీలం రంగు ఉన్న పోర్ట్ సాధారణంగా అదే. పాత రకం పెన్‌డ్రైవ్ మీంచి నడిపితే ప్రతిదీ నత్తనడక నడుస్తుంది, అది చూసి లైనక్సే నెమ్మది అనుకుంటారు.

లైనక్స్‌మింట్ డాట్ కామ్‌లో డౌన్‌లోడ్ పేజీకి వెళ్తే సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు ఎడిషన్లు కనిపిస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ తీసుకోండి. 4 జీబీ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ. అంతకన్నా ఆలోచించక్కర్లేదు. ఫైలు 3 జీబీ దగ్గర ఉంటుంది. రోజుకి 1.5 జీబీ డేటా ప్యాక్ మీద ఉన్నవాళ్లు అక్కడే ఇచ్చిన టొరెంట్ లింకు వాడుకుంటే మంచిది, ఇవాళ సగం, రేపు సగం దించుకోవచ్చు. మామూలు డౌన్‌లోడ్ అయితే లిస్టులో ఇండియా కింద ఉన్న సర్వర్ నొక్కండి.

ఫైలు దిగాక దాన్ని సరిచూడటం చాలామంది వదిలేస్తారు, మీరు వదలొద్దు. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోయి వచ్చినప్పుడు ఫైలు పాడైతే, ఇన్‌స్టాల్ సగంలో అర్థంకాని ఎర్రర్లు వస్తాయి. సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంటే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అనే చోట ఎస్‌హెచ్‌ఏ-256 నొక్కండి. ఒక పొడుగాటి అంకెలూ అక్షరాల వరస వస్తుంది. మింట్ సైటులో మీ ఎడిషన్‌కి ఇచ్చిన వరసతో అది పూర్తిగా సరిపోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దించుకోండి.

ఇక దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే పనికిరాదు. బలీనా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాము తీసుకోండి: ఫైలు ఎంచుకోవడం, పెన్‌డ్రైవ్ ఎంచుకోవడం, ఫ్లాష్ నొక్కడం. రూఫస్ కూడా బాగుంటుంది. రెండో అడుగులో మాత్రం కళ్లు పెట్టి చూడండి, పిల్లల ఫొటోలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ అదే సమయంలో పెట్టి ఉంటే దాని పేరూ ఆ లిస్టులో రావచ్చు. ఈ పని చేసేటప్పుడు మిగతా డ్రైవ్‌లన్నీ పీకేయడం నా పద్ధతి. పూర్తయ్యాక విండోస్ "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి" అని అడగొచ్చు. అది చదవలేని పద్ధతిలో రాసి ఉంది కాబట్టి అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి.

పెన్‌డ్రైవ్ నుంచి లేపడం

విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే నిజానికి పూర్తిగా ఆరిపోదు, ఫాస్ట్ స్టార్టప్ అని సగం నిద్రలో ఉంటుంది. అందుకే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. పెన్‌డ్రైవ్ పెట్టి, పవర్ బటన్ నొక్కిన వెంటనే బూట్ మెనూ (దేని నుంచి లేవాలో ఎంచుకునే జాబితా) తెచ్చే కీని టకటకా కొడుతూ ఉండండి. డెల్‌కి ఎఫ్12, లెనోవోకి ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ కొట్టి తర్వాత ఎఫ్9, ఆసుస్‌కి ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయకపోతే, ఎఫ్2తో సెటప్ (ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల పేజీ)లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూ అనేదాన్ని ముందు ఆన్ చేయాలి. కొన్ని లెనోవోలకి పక్కన చిన్న రంధ్రంలో బటన్ ఉంటుంది, పవర్ ఆఫ్‌లో ఉండగా పిన్నుతో నొక్కితే మెనూ వస్తుంది.

వచ్చిన జాబితాలో మీ పెన్‌డ్రైవ్ కంపెనీ పేరు వెతికి ఎంటర్ కొట్టండి. నల్లటి తెర మీద మొదటి వరసే స్టార్ట్ లైనక్స్ మింట్. దాన్ని ఎంచుకున్నాక కొంతసేపు ఓపిక పట్టాలి. స్క్రీన్ నల్లగా ఉండిపోయినా, గీతలు గీతలుగా వచ్చినా అది గ్రాఫిక్స్ కార్డు గొడవ. రీస్టార్ట్ చేసి ఈసారి కంపాటిబిలిటీ మోడ్ అన్న వరస ఎంచుకోండి.

సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే భద్రతా ఏర్పాటు) ఆపేయమని చాలాచోట్ల చెప్తారు. మింట్‌కి సాధారణంగా ఆ అవసరం రాదు, అలాగే ఉంచి ప్రయత్నించండి. ల్యాప్‌టాప్ మరీ మొండికేస్తేనే సెటప్‌లో దాన్ని ఆపాలి. దానికి ముందు విండోస్‌లో డిస్క్‌లోని ఫైళ్లకి తాళం వేసే బిట్‌లాకర్ గాని, డివైస్ ఎన్‌క్రిప్షన్ గాని ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఉంటే రికవరీ కీ అనే 48 అంకెల నంబరు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి కాగితం మీద రాసిపెట్టుకున్నాకే సెటప్‌లో చెయ్యి పెట్టండి. ఆ నంబరు లేకుండా సెట్టింగులు మారిస్తే మీ సొంత విండోస్‌లోకి మీరే వెళ్లలేని పరిస్థితి రావచ్చు.

మీ కాగితం బయటికి తీయండి

డెస్క్‌టాప్ వచ్చింది. ఇప్పుడు ఇదంతా ర్యామ్‌లో నడుస్తోంది, ఆపేస్తే మీరు చేసిన మార్పులన్నీ పోతాయి. కాబట్టి ఏం నొక్కితే ఏమవుతుందోనన్న భయం వద్దు. డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ లైనక్స్ మింట్ అనే బొమ్మ ఒక్కదాన్ని మాత్రం ఇప్పుడే తెరవొద్దు.

మొదట వైఫై. కింద కుడి మూలలో మీ ఇంటి నెట్‌వర్క్ పేరు కనిపిస్తే సగం పని అయినట్టే. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల్లో బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులకి విడిగా డ్రైవర్ వేయాలి. అప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్ తెరిచి అది సూచించింది వేయండి. తర్వాత ఒక పాట పెట్టి స్పీకర్, హెడ్‌ఫోన్ రెండూ వినండి. వెలుతురు తగ్గించి పెంచండి. కెమెరా చూడండి. మూత మూసి, కొంచెం సేపు ఆగి తెరవండి: నిద్ర లేవాలి, వైఫై తిరిగి కలవాలి. ఈ మూత పరీక్ష ఎవరూ చేయరు, తర్వాత రోజూ ఇబ్బంది పడేది మాత్రం దీంతోనే.

ఫైల్ మేనేజర్‌లో ఎడమవైపు మీ విండోస్ డ్రైవ్ కనిపిస్తుంది. తెరిచి మీ ఫైళ్లు చూడొచ్చు. చూడటం వరకే, అక్కడ ఏదీ మార్చొద్దు. పని చేసే నాలుగైదు వర్డ్, ఎక్సెల్ ఫైళ్లని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసుకుని, మింట్‌తోపాటే వచ్చే లిబ్రేఆఫీస్‌లో తెరవండి. ఇక్కడ తెలుగువాళ్లు తప్పక గమనించాల్సిన విషయం ఉంది. విండోస్‌లో తెలుగు చాలావరకు గౌతమి, నిర్మల ఫాంట్లలో ఉంటుంది. అవి మైక్రోసాఫ్ట్‌వి, మింట్‌లో రావు. అక్షరాలు సరిగ్గానే కనిపిస్తాయి గాని ఫాంట్ మారడంతో వరసలు జరుగుతాయి, రెండు పేజీల అర్జీ మూడో పేజీలోకి పోతుంది. ఇంకొకరికి పంపేది ఏదైనా పీడీఎఫ్ చేసి పంపడం అలవాటు చేసుకోండి. మాక్రోలున్న ఎక్సెల్ షీట్లు వాడేవాళ్లు వాటిని ఒక్కొక్కటీ నడిపి చూడాలి, అన్నీ పనిచేయవు.

ప్రింటర్ సంగతి మా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వైఫై ఉన్న కొత్త ప్రింటర్లు చాలావరకు వాటంతటవే లిస్టులోకి వచ్చేస్తాయి. హెచ్‌పీ ప్రింటర్లకి కావాల్సిన డ్రైవర్లు మింట్‌లోనే ఉంటాయి. ఎప్సన్ ఇంక్‌జెట్లూ సాధారణంగా ఇబ్బంది పెట్టవు. కష్టం క్యాప్ట్ అనే ప్రత్యేక పద్ధతిలో పనిచేసే కెనాన్ కంపెనీ పాత చిన్న లేజర్ ప్రింటర్లతో. మన జెరాక్స్ షాపుల్లో, స్కూలు ఆఫీసుల్లో అవి విరివిగా ఉన్నాయి. వాటిని లైనక్స్‌లో నడిపించడం కొత్తవాళ్ల పని కాదు. మీ దగ్గర అలాంటిదే ఉంటే ప్రింట్ల కోసం విండోస్ ఉంచుకోండి. మీది ఏ రకమో తెలియకపోతే పెన్‌డ్రైవ్ మీద ఉండగానే కేబుల్ కలిపి ఒక పేజీ కొట్టి చూడండి. స్కానర్‌కి డాక్యుమెంట్ స్కానర్ అనే ప్రోగ్రాము ముందే ఉంటుంది.

తెలుగు కొట్టడం

మెనూలో కీబోర్డ్ అని వెతికి, లేఅవుట్స్‌లోకి వెళ్లి ప్లస్ గుర్తు నొక్కి తెలుగు చేర్చండి. ఇది ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్, అంటే భారతీయ భాషలకి ప్రామాణికంగా పెట్టిన కీల అమరిక. కింద మూలలో భాష గుర్తు వస్తుంది, దాన్ని నొక్కి ఇంగ్లిష్, తెలుగు మార్చుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోనివాళ్లు, అంటే అమ్మ అని రావాలంటే ఇంగ్లిష్ అక్షరాలతో ఏ ఎం ఎం ఏ అని కొట్టే అలవాటున్నవాళ్లు, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ వేసుకోవాలి. వేశాక ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఐబస్ సెట్టింగుల్లో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ లాంటివి కనిపిస్తాయి. ఆర్‌టీఎస్‌తో మొదలుపెట్టండి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు లాగా ఇది మాటని ఊహించి ఇవ్వదు, మీరు కొట్టిందే ఇస్తుంది. దీర్ఘాలకి పెద్ద అక్షరాలు అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది గాని, ఆ తర్వాత వేగం బాగుంటుంది.

ఫాంట్ల విషయంలో లోటు లేదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే పోతన, వేమన దొరుకుతాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, సురన్న, మల్లన్న, రామభద్ర, ధూర్జటి లాంటివి ఉచితంగా దించుకుని, ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అంటే చాలు. శుభకార్యాల కార్డుకి రామభద్ర హెడ్డింగు చక్కగా నిండుగా వస్తుంది. కొత్తగా డీటీపీ నేర్చుకునే పిల్లలకి నేను లిబ్రేఆఫీస్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, పేజీలు పేర్చే స్క్రైబస్ 1.6 మీదే, యూనికోడ్‌లోనే నేర్పిస్తున్నాను. అలా చేసిన మేటర్ ఫోన్‌లోనూ, వెబ్‌లోనూ, ఇంకో షాపులోనూ అదే తెలుగులా తెరుచుకుంటుంది. పాత పద్ధతిలో బందీ అయిపోయిన మా ఫైళ్ల కష్టం వాళ్లకి రాకూడదని నా ఆశ.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. అమెరికాలో ఉన్న అబ్బాయి ఎప్పుడో పంపిన ల్యాప్‌టాప్ ఆయనది. ఆయన కాగితం మీద నాలుగే పనులు: అబ్బాయితో వీడియో కాల్, ఈపేపర్, ప్రవచనాలు వినడం, పద్యాలు తెలుగులో కొట్టుకోవడం. పెన్‌డ్రైవ్ ఇచ్చి ఇంటికి పంపాను. నాలుగూ అయ్యాయి గాని, కాల్‌లో మాట అవతలికి చిన్నగా వినపడుతోందన్నారు. సౌండ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ దగ్గర మైకు వాల్యూమ్ పెంచితే సరిపోయింది. ఇన్‌స్టాల్ చేసింది ఆ తర్వాతే. మీ ఇంట్లో పెద్దవాళ్లకి పెట్టేటప్పుడు ఇలాగే వాళ్ల చేతే, వాళ్ల పనులే చేయించండి.

వేసుకుందామని నిర్ణయించుకున్నాక

బ్యాకప్ లేకుండా ఈ భాగంలోకి రావద్దు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫొటోలు అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వెళ్లాలి. వెళ్లినవి ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడాలి.

విండోస్ కూడా ఉంచుకోవాలనుకుంటే ముందు విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్‌ని కుదించి కొంత ఖాళీ చేయండి. మింట్‌కి 20 జీబీ కనీసం, 100 జీబీ ఉంటే సుఖం. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, బిట్‌లాకర్ ఉంటే దాన్ని కూడా ఆపి డిక్రిప్ట్ పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి లేపి ఇన్‌స్టాల్ బొమ్మ తెరవండి. భాష మొదటిసారికి ఇంగ్లిషే పెట్టుకోమంటాను, ఏదైనా ఇబ్బంది వస్తే నెట్‌లో దొరికే సాయమంతా ఆ మెనూ పేర్లతోనే ఉంటుంది. కీబోర్డు అడిగినప్పుడు ఇంగ్లిష్ (ఇండియా, విత్ రూపీ) ఎంచుకుంటే కుడివైపు ఆల్ట్, 4 కలిపి నొక్కినప్పుడు ₹ వస్తుంది, బిల్లులు కొట్టేవాళ్లకి ఇది చాలా పనికొస్తుంది. పాటలు, వీడియోలు నడవడానికి కావాల్సిన మల్టీమీడియా కోడెక్స్ పెట్టె టిక్ చేయండి. టైమ్ జోన్‌కి కోల్‌కతా.

అసలు జాగ్రత్త పడాల్సిన పేజీ ఇన్‌స్టాలేషన్ టైప్ అన్నది. విండోస్ పక్కన వేసేది ఒకటి, డిస్క్ మొత్తం చెరిపి వేసేది ఇంకొకటి. ఇరేజ్ డిస్క్ అన్న మాట ఉన్నదాన్ని నొక్కితే విండోస్ తోపాటు అన్నీ పోతాయి. విండోస్ పక్కన వేసే వరస అసలు కనిపించకపోతే అక్కడితో ఆపి బయటికి వచ్చేయండి, తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చేయండి. తొందరలో వేరే వరస నొక్కొద్దు.

పని పూర్తై మొదటిసారి లేచాక అప్‌డేట్ మేనేజర్ నడపండి, డ్రైవర్ మేనేజర్ చూడండి. టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. ఏదైనా అప్‌డేట్ వల్ల సిస్టమ్ తేడా చేస్తే ఆ రోజు స్థితికి వెనక్కి వెళ్లొచ్చు. మీ ఫొటోలూ డాక్యుమెంట్లకి అది బ్యాకప్ కాదు, వాటికి విడి కాపీ ఉండాల్సిందే. టెర్మినల్ అనే నల్ల తెర లేకుండానే ఈ పనులన్నీ అవుతాయి. ఎవరో చెప్పారని సుడో అని మొదలయ్యే ఆదేశాలు అర్థం తెలియకుండా అందులో అతికించొద్దు.

రెండూ పక్కపక్కన వేసుకున్నవాళ్లకి విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం ఐదున్నర గంటలు వెనక్కి కనిపించొచ్చు. అది బ్యాటరీ లోపం కాదు. లైనక్స్ లోపలి గడియారంలో గ్రీన్‌విచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. మింట్‌లో టెర్మినల్ తెరిచి timedatectl set-local-rtc 1 అనే ఆదేశం కొడితే సరిపోతుంది. టెర్మినల్ తెరవక తప్పని పని ఇదొక్కటే.

పాత ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్‌డిస్కే ఉంటే, మింట్ వేసినా లేవడానికి సమయం పడుతుంది. కొంచెం డబ్బు ఖర్చుపెట్టగలిగితే అది ఎస్ఎస్‌డీకే పెట్టండి, ర్యామ్ పెంచడం తర్వాత చూసుకోవచ్చు. ఇక మింట్ పెన్‌డ్రైవ్‌ని చెరపకుండా పక్కన దాచుకోండి. ఎవరి విండోస్ అయినా లేవడం మానేసినప్పుడు దీంతో లేపి, వాళ్ల ఫైళ్లని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకోవచ్చు. బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలు అడుగుతుంది. హార్డ్‌డిస్క్ లోపలి నుంచి టకటకమని చప్పుడు వస్తుంటే మాత్రం ఏమీ ప్రయత్నించకుండా వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.